కుళ్ళుబోతు ట్యాబ్‌లు

సాయంత్రం నాలుగింటికి కోర్టు తలుపులు తీసేలోపు కావలసిన పనులు:

సునిల్దాతో ఇంకోసారి మాట్లాడాలి, పోలీసు కొమిసారియో పక్కన లేకుండా.

ఞా సెలెదోనియా ఇంటి వరండా మళ్ళీ చూడాలి. రక్తపోటు యంత్రం గడియారాన్ని నా గడియారంతో సరిచూడాలి.

ఆ ట్యాబ్‌లకి లినక్స్ ఎక్కించిన పెద్దమనిషిని పట్టుకోవాలి. నిద్రపోతుంటే లేపాలి.

చెప్పులు కుట్టించుకోవాలి.

నిమియా ఓర్తెల్యాదో తన చిన్న పుస్తకంలో రాసుకున్న నాలుగు పనుల్లో చివరిదాన్ని అప్పుడే కొట్టేసింది. చెప్పులు కుట్టేవాడు కూడా నిద్రపోయే వేళ అది. పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా పుయెర్తో సముహు ఊరంతా ఎండకి పడుకుంటుంది, కుక్క కూడా మొరగదు. రెండు రాత్రులుగా నిద్ర లేని నిమియాకి ఆ నిశ్శబ్దంలో తన అడుగుల చప్పుడు ఎవరో వెనక నడుస్తున్నట్టు వినిపించింది. ప్రాసిక్యూటరు ఆఫీసులో నేర పరిశోధకురాలిగా తొమ్మిదేళ్ళ నుంచి పనిచేస్తున్న మనిషి. కలలో నడిచినట్టు నడవడం మాత్రం ఇదే మొదలు.

నాలుగింటికి జడ్జి సంతకం పెడితే హత్య నేరం మీద సునిల్దాని ఆడవాళ్ళ జైలుకి పంపేస్తారు. విచారణ మొదలవడానికే ఆరు నెలలు పడుతుంది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. ఇంటింటికీ వెళ్ళి రక్తపోటు చూసే నర్సు, తన ఇంట్లో ఆ చదువు పూర్తిచేసిన మొదటి మనిషి. జైలుకి వెళ్ళిన మర్నాడే ఆరోగ్య శాఖ ఆమె లైసెన్సు రద్దు చేస్తుంది. ఆ తర్వాత నిర్దోషి అని తేలినా ఆ లైసెన్సు తిరిగి రావడం కల్ల.

స్టేషన్‌లో కాపలా పోలీసు కుర్చీలోనే తల వాల్చేశాడు. నిమియా అతన్ని లేపకుండానే లోపలి గదిలోకి వెళ్ళింది. సునిల్దా బల్ల మీద రెండు చేతులూ చాపుకుని కూర్చుని ఉంది.

జరిగిందేమిటో ఇద్దరూ మళ్ళీ మొదటి నుంచీ చెప్పుకున్నారు. గురువారం సాయంత్రం ఐదింటికి పక్కింటావిడ వెళ్ళి చూసేసరికి, ఊరంతా గౌరవంగా ‘ఞా’ అని పిలిచే డెబ్భై ఆరేళ్ళ సెలెదోనియా వరండా అంచున బట్టలుతికే రాయి పక్కన పడి ఉంది. తల వెనక గాయం. ఎడమ చేతికి రక్తపోటు పట్టీ కట్టే ఉంది. యంత్రంలో చివరి కొలత మధ్యాహ్నం ఒంటిగంట యాభై రెండుకి తీసింది: నూట ఎనభై ఎనిమిది బై నూట నాలుగు. ఆ కొలతని యంత్రం గాలిలోంచి ఒక ట్యాబ్‌కి పంపింది. ఆ ట్యాబ్ బ్లూటూత్ నంబరు కూడా యంత్రమే రాసిపెట్టుకుంది. చివర 7C-19. అది ఆరోగ్య కేంద్రం సునిల్దాకి ఇచ్చిన ట్యాబ్ నంబరు. అంటే ఆ నిమిషానికి సునిల్దా ఆ వరండాకి పది మీటర్ల లోపలే ఉందని పోలీసుల వాదన.

"పడుకున్నాను మేడమ్," అంది సునిల్దా. "మా అమ్మా పడుకుంది. ఊరు ఊరంతా పడుకుంది. పడుకున్నవాళ్ళకి సాక్షులు ఎక్కడి నుంచి వస్తారు?"

ముసలావిడకీ ఆమెకీ గొడవలేమైనా ఉన్నాయా అని నిమియా అడిగింది. గొడవ కాదట. కొత్తగా వచ్చిన మాత్రలు సుద్దలా పొడి అయిపోతున్నాయనీ, అట్ట మీద తేదీ చీటీ కింద ఇంకో తేదీ ఉందనీ ఞా సెలెదోనియా సణిగేదట. ఖాళీ అట్టలన్నీ బిస్కెట్ డబ్బాలో దాచిపెట్టి, పెద్దవాళ్ళెవరైనా వస్తే చూపిస్తానంటూ ఉండేదట.

నిమియా కాసేపు కళ్ళు మూసుకుంది. తెరిచాక, ఎందుకు అడుగుతోందో తనకే తెలియని ప్రశ్న ఒకటి అడిగింది. "ఆ ట్యాబ్ ఎప్పుడైనా తిక్కతిక్కగా చేసిందా?"

సునిల్దా ముఖంలో మొదటిసారి నవ్వులాంటిది కదిలింది. "ఒక్కటే ఉంటే బంగారం మేడమ్. నెలాఖరు మీటింగ్‌లో మా తొమ్మిదిమంది నర్సుల ట్యాబ్‌లూ ఒకే బల్ల మీద పెడితే మాత్రం యంత్రానికి పిచ్చెక్కుద్ది. నా దాంట్లో పడాల్సిన కొలత ఇంకొకళ్ళ దాంట్లో పడుద్ది. ఒకదాన్ని చూసి ఒకటి కుళ్ళుకుంటాయని మేం నవ్వుకుంటాం. అందుకే మీటింగ్‌లో ఒకళ్ళ తర్వాత ఒకళ్ళం ఆన్ చేస్తాం."

"విడివిడిగా ఉంటే?"

"తొమ్మిదిమందివీ తొమ్మిది వాడలు. ఒకళ్ళ వాడకి ఇంకొకళ్ళు వెళ్ళం కదా. ఏ గొడవా లేదు."

నిమియా లేచి బయటికి వస్తుంటే గుమ్మంలో మిర్నా ఎస్కురా ఎదురైంది. ఆరోగ్య కేంద్రం సూపర్వైజరు, ఈ తొమ్మిదిమందికీ పైఅధికారి. ఒక చేతిలో మొక్కజొన్న రొట్టె మూట, ఇంకో చేతిలో ఐసు నీళ్ళలో ఆకులు నానబెట్టిన తెరెరే జగ్గు. గురువారం పొద్దున్నే తాను రాజధాని బస్సెక్కాననీ, ఊళ్ళో ఉండుంటే ఈ ఘోరం జరగనిచ్చేదాన్ని కాదనీ పొద్దున్న చెప్పిన మాటలే మళ్ళీ చెప్పింది. నేరం ఒప్పుకుంటే శిక్ష సగం తగ్గుతుందని లాయరు అన్నాడట. పిల్ల బెదిరిపోయింది కాబట్టి పక్కన కూర్చుని నచ్చచెబుతానంది. ఆ గొంతు చల్లటి నీళ్ళలా సాగిపోయింది. నిద్రకి అల్లాడుతున్న నిమియాకి ఆ గొంతు వింటూ అక్కడే బెంచీ మీద ఒరిగిపోవాలనిపించింది.

ఒంటిగంట ముప్పై ఐదుకి ఆమె ఞా సెలెదోనియా వరండాలో నిలబడింది.

ముందు గడియారం. యంత్రంలో ఒకటీ ముప్పై ఆరు, తన చేతి గడియారంలో ఒకటీ ముప్పై ఆరు. అర నిమిషం తేడా కూడా లేదు. ఆ తర్వాత బిస్కెట్ డబ్బా. అలమర పైఅరలో మూత పెట్టి ఉంది. మూత తీస్తే లోపల అద్దంలా శుభ్రం. దాచుకున్న మాత్రల అట్టల్లో ఒక్కటీ లేదు. ముసలావిడ అన్నీ దాచుకునే మనిషి. డబ్బాని ఖాళీ చేసి తిరిగి మూత పెట్టిన చెయ్యి వేరే ఎవరిదో.

నిమియాని అక్కడి నుంచి కదలనివ్వనిది కుర్చీ. వరండాలో ఉన్నది ఒకే ఒక్క కుర్చీ, దాని మీద అల్లిక దిండు. సునిల్దా వస్తే కింద ముక్కాలిపీట మీద కూర్చుంటుందని పక్కింటావిడ నిన్ననే చెప్పింది. ఇంటి పిల్లలాంటి మనిషికి దిండెవరు వేస్తారు? దిండు వేసేది గౌరవించాల్సిన మనిషికి.

ఆమె యంత్రం మీటను నొక్కింది. పట్టీలోకి గాలి ఎక్కి ఖాళీగా బిగుసుకుంది. తెర మీద చిన్న నీలి గుర్తు వెలిగి, ఎవరినో వెతుకుతున్నట్టు మినుకుమంటూ ఉండిపోయింది. తెలిసిన ట్యాబ్ దగ్గరలో ఆన్‌లో ఉంటే చాలు, ఈ యంత్రం తనంతట తానే కొలత పంపించేస్తుంది. అవతల ఎవరూ ఏమీ నొక్కక్కర్లేదు. సంచిలో ఉన్నా, జేబులో ఉన్నా, ఉందన్న సంగతి మనిషే మరిచిపోయినా సరే, ఆ ట్యాబ్ పలికేస్తుంది. ఎండలో తేలిపోతున్న ఆ నీలి గుర్తుని నిమియా చాలాసేపు చూస్తూ నిలబడింది.

అనస్తాసియో రెకాల్దెని ఊరంతా గౌరవంగా డాన్ తాచో అంటుంది. రేడియో మరమ్మతులు నేర్పి పదవీ విరమణ చేసిన మేష్టారు. ఏటా ఏప్రిల్‌లో జరిగే లినక్స్ పండుగలో జనం తెచ్చిన పాత కంప్యూటర్లకి లినక్స్ అనే ఉచిత వ్యవస్థ ఎక్కించి, డబ్బు తీసుకోకుండా ప్రాణం పోస్తాడు. నిమియా వెళ్ళేసరికి షెడ్డులో ఊయల మంచం మీద నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. పక్క బల్ల మీద ఎనిమిది ట్యాబ్‌లు వరసగా పడుకుని ఉన్నాయి. సునిల్దాది పోలీసుల దగ్గర ఉంది కాబట్టి ఇవి మిగతావన్నమాట. ప్రతిదాని వీపున నంబరు చీటీ.

భుజం పట్టి కుదిపితే ఆయన కళ్ళు తెరిచి, సగం కలలోనే మాట్లాడాడు. "రేపటి పండుగకి వీటన్నిటినీ తుడిచి కొత్తగా ఎక్కించాలమ్మాయీ. పొద్దున్న మూడు తుడిచాను. భోంచేశాక నిద్ర ముంచేసింది."

నిమియా ఆ ట్యాబ్‌లని బల్ల మీద తన వైపు లాక్కుంది. మిగిలిన ఐదింటినీ ముట్టుకోవద్దంది. ఆ తర్వాత బ్లూటూత్ సంగతి అడిగింది.

అదే ఆయన జీవితంలో చేసిన గొప్ప పని. కాఫీ కూడా అడగకుండా చెప్పుకుపోయాడు. ఆసుపత్రికి దానంగా వచ్చిన పాత ట్యాబ్‌లు అవి, మొదటి వ్యవస్థతో నత్తలా నడిచేవి. లినక్స్ ఎక్కిస్తే పరుగెత్తాయి కానీ బ్లూటూత్ చిప్పు మూగబోయింది. బయటి నుంచి ఇంకో బ్లూటూత్ పెడదామంటే ఉన్నది ఒకటే రంధ్రం, అది ఛార్జింగుకి కావాలి. లోపలి చిప్పుతోనే మాట్లాడించాలి. ఆ చిప్పు లోపల ఒక సన్నటి తీగ మీద విడిగా వేలాడుతుంటుంది. ఆన్ చేసిన ప్రతిసారీ ఎవరో ఒకరు లేపి, చేత్తో తినిపించినట్టు దాని ఫైలు దానికి అందించాలి. లేకపోతే లినక్స్‌కి అది ఉన్నట్టే తెలియదు. మూడు వారాలు కుస్తీ పట్టాడు. అది పలికిన రోజు ఒక కాలికే మేజోడు వేసుకుని వీధిలోకి పరుగెత్తాడట.

"మరి నంబరు?" అంది నిమియా. "ప్రతి చిప్పుకీ సొంత నంబరు ఉంటుందిగా."

డాన్ తాచో చెయ్యి గాలిలో ఆగింది. "నంబరు పాత వ్యవస్థలో ఉంటుంది. ఎనిమిదింటిని నేను ముందే తుడిచేశాను, వాటి నంబర్లు దాంతోపాటే పోయాయి. నంబరు లేకపోతే చిప్పు లేవదు. తుడవకుండా మిగిలింది ఒక్క సునిల్దాదే. దాంట్లో నంబరు దొరికింది. ఆ ఫైలునే..."

"తొమ్మిదింటికీ ఎక్కించారు."

"పనిచేసింది కదమ్మాయీ," అన్నాడాయన నెమ్మదిగా. "తొమ్మిది వాడలు, తొమ్మిదిమంది. ఎప్పుడూ కలవరు కదా అనుకున్నాను."

నిమియా ఐదు ట్యాబ్‌లనీ ఒక్కొక్కటే ఆన్ చేయించింది. ఆయన ప్రతిదాంట్లో ఒక వరుస టైపు చేశాడు. ఐదు తెరల మీదా ఒకే నంబరు వచ్చి కూర్చుంది. చివర 7C-19. ఒకే కలని ఐదుగురు కంటున్నట్టు.

ఆ నిమిషంలోనే గుమ్మంలో బూట్ల చప్పుడైంది. కొమిసారియో దెర్లిస్ గాలెయానో, ఊరి పోలీసు అధికారి. కేసు తేల్చేశానని పొద్దున్నే పత్రికలకి చెప్పుకున్నవాడు.

"ముసలాయన నిద్ర చెడగొట్టడానికి ప్రాసిక్యూటరు గారు జీతం ఇస్తున్నారన్నమాట," అన్నాడు. "రెండూ నలభై ఐదు అయింది నిమియా గారూ. ఇంకో గంటాపావులో ఆ పిల్ల నా చేతిలోంచి వెళ్ళిపోతుంది. మీరూ వెళ్ళి పడుకోవచ్చు."

నిమియా ఐదు తెరలనీ అతని వైపు తిప్పి చూపించింది. అతను వంగి ఒక్కొక్కటే చదివాడు. రెండోసారి చదివాడు. అయినా నిటారుగా నిలబడి, దీనివల్ల అనుమానితులు తొమ్మిదిమంది అయ్యారే తప్ప సునిల్దా నిర్దోషి అయిపోలేదని అన్నాడు. ఆ మాటలో న్యాయముంది. నిమియా కాదనలేదు.

"ప్రతి ట్యాబూ దినచర్య రాసుకుంటుందట," అంది. "ఎప్పుడు ఏ యంత్రంతో మాట్లాడిందో అన్నీ. సునిల్దా ట్యాబ్‌లో గురువారం ఏం రాసుందో మీవాళ్ళు చూశారా?"

"చార్జింగు లేదు. సీలు వేశాం. జడ్జి చెప్పకుండా తీయను."

"చూడకుండానే జైలుకి పంపుతున్నారు."

"యంత్రం ఆ పిల్ల నంబరు చెప్పింది. యంత్రానికి ఆమె మీద పగేమీ లేదు."

"యంత్రం చెప్పింది డాన్ తాచో పెట్టిన నంబరు. ఆ పిల్ల పేరు మీరు చెప్పారు."

కొమిసారియో బయటికి పోలేదు, బల్ల దగ్గరే నిలబడ్డాడు. డాన్ తాచో అప్పటికే మొదటి ట్యాబ్ దినచర్య తెరిచాడు. గురువారం మధ్యాహ్నం ఖాళీ. రెండోది ఖాళీ. మూడోదాంట్లో పొద్దుటి కొలతలు, వేరే వాడవి. నాలుగోదాని వీపున ఏడో నంబరు. తెర మీద అక్షరాలు నీళ్ళు కారినట్టు కిందికి జారుతూ పోయాయి. ఆయన వేలు ఒకచోట ఆగింది.

గురువారం, ఒంటిగంట యాభై ఆరు. రక్తపోటు యంత్రం కలిసింది. కొలత అందింది: 188, 104.

"నాలుగు నిమిషాలు తేడా," అన్నాడు కొమిసారియో వెంటనే. "యంత్రం యాభై రెండు అంది."

నిమియా తన చేతి గడియారాన్ని ట్యాబ్ పక్కన పెట్టింది. గడియారంలో మూడూ ఏడు. ట్యాబ్‌లో మూడూ పదకొండు. ఇంటర్నెట్ అందని ట్యాబ్, గడియారం నాలుగు నిమిషాలు ముందు పరుగెడుతోంది. వరండాలోని యంత్రాన్ని తను సరిచూసింది, అది సరైన సమయమే చూపిస్తోంది. యాభై ఆరులోంచి నాలుగు తీసేస్తే అనుమానానికి చోటే లేదు.

ఏడో నంబరు ఎవరిదని కొమిసారియో అడిగాడు. గొంతులో వెటకారం పోయింది. డాన్ తాచో చీటీ తీసి చదివాడు. లెయొనోర్ అనే అమ్మాయిది. ఫిబ్రవరి నుంచి ప్రసూతి సెలవులో పుట్టింట్లో ఉంది. మరి ఆ ట్యాబ్‌ని ఎవరు తెచ్చిచ్చారని నిమియా అడిగింది.

"సూపర్వైజరమ్మే. నిన్న సాయంత్రం తన సంచిలోంచి తీసి ఇచ్చింది. అప్పటికి ఆన్‌లోనే ఉంది. రెండు నెలలుగా సంచిలోనే తిప్పుతున్నానని చెప్పింది."

పొద్దున్నే రాజధాని బస్సెక్కిన మిర్నా ఎస్కురా. దిండు వేసి కూర్చోబెట్టాల్సిన పెద్దమనిషి. పాత తేదీ మీద కొత్త చీటీ అంటించిన మాత్రల్ని తొమ్మిది వాడలకీ పంచిపెట్టించిన చెయ్యి. ఎదుట కూర్చున్న మనిషి గొంతు పెంచేసరికి గుండె దడదడలాడి, ఞా సెలెదోనియా తన చేతికి తనే పట్టీ కట్టుకుని ఉంటుంది. ఆ తర్వాత డబ్బా కోసం పెనుగులాట. సంచిలోని ట్యాబ్ మాత్రం తనకి అప్పజెప్పిన పని తను చేసింది.

కొమిసారియో ఫోను తీశాడు. అటు నుంచి పోలీసు నిద్రగొంతుతో చెప్పింది నిమియాకి కూడా వినపడింది. పిల్ల ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టేసిందట. మిర్నా గారే దాన్ని కోర్టు దగ్గర లాయరుకి ఇస్తానని తీసుకుని పావుగంట క్రితం వెళ్ళారట.

"ఆమెని లోపలికి నేనే పంపాను," అన్నాడు కొమిసారియో.

ఒప్పుకోలు ఒకసారి జడ్జి బల్ల మీదికి చేరితే, ఐదు తెరల మీది అంకెలు దాన్ని కదిలించలేవు. అంకెలు ఎందుకు ఒకటయ్యాయో, ఎవరి పొరపాటు వల్ల అయ్యాయో చేసినవాడే రాసివ్వాలి. నిమియా ఆ మాట అడగడానికి మొహమాటపడింది. రేపటి పండుగలో డాన్ తాచోకి సన్మానం ఉంది. మూగ చిప్పుని మాట్లాడించిన కథ చెప్పడానికి నాలుగు ఊళ్ళ నుంచి జనం వస్తున్నారు. గోడకి ఆయన ఇస్త్రీ చొక్కా వేలాడుతోంది.

ఆమె అడగలేదు. ఆయనే కాగితం ముందుకు లాక్కున్నాడు. అక్షరాలు మేష్టారి అక్షరాల్లాగే తీరుగా పడ్డాయి.

"తొమ్మిది ట్యాబ్‌లకీ ఒకే నంబరు పెట్టింది నేను. సమయం లేక కాదు, తెలియక కాదు. పనిచేస్తోంది కదా అని వదిలేశాను. ఈ నంబరుని నమ్మి ఎవరినీ శిక్షించకండి. తప్పు నాది. అనస్తాసియో రెకాల్దె."

మూడూ యాభైకి కోర్టు మెట్ల దగ్గర కొమిసారియో జీపు ఆగింది. తలుపులు ఇంకా మూసే ఉన్నాయి. బెంచీ మీద మిర్నా ఎస్కురా ఒక్కతే లాయరు కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. మడిచిన కాగితం ఒళ్ళో ఉంది. వాళ్ళని చూసి చిన్నగా నవ్వింది. నిమియా పక్కన కూర్చుని, గొంతు పెంచకుండా, లెయొనోర్ ట్యాబ్‌లో గురువారం ఒంటిగంట యాభై రెండుకి తీసిన కొలత ఒకటి దొరికిందని చెప్పింది.

ఎవరో నిద్రలోంచి లేపినట్టు మిర్నా తల తిప్పి అడిగింది.

"అప్పుడు అది ఆన్‌లో ఉందా?"

కొమిసారియో ఆమె ఒళ్ళోని కాగితం తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. నాలుగింటికి తలుపులు తీశాక జడ్జి ముందుకి మొదట వెళ్ళింది డాన్ తాచో కాగితమే. సునిల్దా ఆ రాత్రి తన ఇంట్లో, తన మంచం మీద పడుకుంది.

మర్నాటి పండుగలో సన్మానం జరగలేదు. వద్దన్నది ఆయనే. నాలుగు ఊళ్ళ జనం ముందు ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడి, ఫైలు ఎలా రాయాలో ఐదు నిమిషాలు, ఎలా రాయకూడదో గంటసేపు చెప్పాడు. ఈ కేసులో కొమిసారియో పేరు పత్రికల్లో వచ్చింది, నిమియా పేరు ప్రాసిక్యూటరు నివేదికలో వచ్చింది. ఆయన పేరు ఎక్కడా రాలేదు. చదివినవారు దయచేసి ఆ ఒక్క పేరు గుర్తుపెట్టుకోండి: అనస్తాసియో రెకాల్దె, రేడియో మేష్టారు.